చమురు లెక్క

మా హొసూరులో ఉదయం ఏడు గంటలకు బాగలూరు రోడ్డు పక్కన నిలబడి చూడండి. కార్ఖానాలకు పోయే పిల్లల మోటారు సైకిళ్లు ఒకదాని వెనుక ఒకటి పోతూనే ఉంటాయి. మీట నొక్కితే లేచే బండ్లు. పొగ కనబడదు, చప్పుడు పెద్దగా వినబడదు. ఆ వరుసలో నెలకో రెండు నెలలకో ఒకసారి ఒక పాత యెజ్డీ వస్తుంది. బండి కనబడకముందే దాని చప్పుడు వస్తుంది. బండి దాటిపోయాక కూడా దాని నీలిపొగ మిగిలి ఉంటుంది. పక్కనున్న వాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి, ఆ తర్వాత సిగ్గుపడతాను. ఎందుకు పీలుస్తానో, ఎందుకు సిగ్గుపడతానో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

నేను ఇంజనీరును కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి, ముప్పై ఏళ్లకు పైగా ఇతరుల జమాఖర్చులు చూసినవాణ్ణి. మోటారు సైకిలు చరిత్రను కూడా ఆ కంటితోనే చూడగలను. పాఠకులు మన్నించాలి.

1991లో ఉద్యోగం వచ్చింది. వేసిన చోటు శూలగిరి అవతల ఒక పల్లె శాఖ. మా ఊరి నుంచి రెండు బస్సులు మారాలి, సాయంత్రం రెండో బస్సు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేనట్టు. బండి కొనక తప్పలేదు. అప్పటికే హొసూరు మోటారు సైకిళ్లు పుట్టే ఊరు. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ ఇక్కడి నుంచే బయటికి వచ్చింది. 1984లో జపాను సుజుకీ కంపెనీతో కలిసి ఇండ్-సుజుకీ వంద సీసీ బండి చేయడం మొదలుపెట్టారు. కానీ కొత్త బండి నా జీతానికి అందలేదు. బెంగుళూరులో చేతులు మారిన 1978 నాటి యెజ్డీ ఒకటి దొరికింది. కార్ఖానాలో పనిచేసే మా చిన్నాయన దాన్ని చూసి, "ఇంటి ముందర బావి పెట్టుకొని నీళ్లకు మైసూరుకు పోతివా!" అని నవ్వినాడు.

డెంకణికోట రోడ్డులో చింతచెట్టు కింద ఒక మెకానిక్ షెడ్డు ఉండేది. నాకు బండి నేర్పింది అక్కడి అన్నే. వచ్చినవాళ్లతో కన్నడమో తమిళమో మాట్లాడేవాడు, ఇంజనుతో మాత్రం తెలుగులో మాట్లాడేవాడు. నట్టు రాకపోతే తిట్టేదీ, ఇంజను లేస్తే మెచ్చుకునేదీ తెలుగులోనే. మొదటి రోజు బండి ఎక్కనివ్వలేదు. ఒక చిన్న కొలత డబ్బా చేతికిచ్చి, "మొదట ఇది నేర్చుకో అప్పా. లీటరు పెట్రోలుకు నలభై మిల్లీ నూనె. నువ్వు అన్నం తినేది మరిచినా ఇది మరవకూడదు" అన్నాడు. బ్యాంకులో నేను నేర్చిన మొదటి పాఠమూ ఇలాంటిదే: లెక్క సరిపోయేదాకా కౌంటరు మూయకూడదు.

ఈ నూనె ఎందుకో తెలియాలంటే ఇంజను సంగతి కొంచెం చెప్పాలి. ఇప్పటి బండ్లలో పిస్టను నాలుగుసార్లు కదిలితే ఒకసారి పని జరుగుతుంది: పీల్చడం, నొక్కడం, మండడం, పొగ వదలడం. టూ స్ట్రోకు బండిలో రెండు కదలికలకే ఒకసారి పని జరుగుతుంది. పిస్టను పైకి పోతూ పైనున్న పెట్రోలు, గాలి మిశ్రమాన్ని నొక్కుతుంది. అదే సమయంలో కింద క్రాంకు ఉండే గదిలోకి కొత్త మిశ్రమాన్ని లాగుతుంది. పైన నిప్పురవ్వ పడి మండగానే పిస్టను దిగుతూ సిలిండరు గోడలోని దారులను తెరుస్తుంది. మొదట పొగ పోయే దారి, వెంటనే కొత్త మిశ్రమం కింది గది నుంచి పైకి ఎక్కే దారి. తలుపులు తీయడానికి, మూయడానికి వేరే పనివాళ్లు లేరు. వాల్వులు లేవు, వాటిని తిప్పే కామ్ షాఫ్టు లేదు. అన్నీ పిస్టనే చూసుకుంటుంది.

ఇక్కడే మెలిక ఉంది. నాలుగు స్ట్రోకుల బండిలో కింది గదిలో నూనె నిలువ ఉంటుంది. టూ స్ట్రోకులో ఆ గది పెట్రోలు నడిచే దారి, అక్కడ నూనె నిలపడానికి వీలులేదు. అందుకని నూనెను పెట్రోలుతోనే పంపాలి. కొన్ని బండ్లలో దానికి వేరే పంపు ఉండేది. నా యెజ్డీ వంటి వాటిలో నడిపేవాడే కొలిచి కలపాలి. ఆ నూనె బేరింగులను, పిస్టనును తడిపి, చివరికి తానూ మండి నీలిపొగై పోతుంది. బండికి తనదంటూ దాచుకున్న నూనె ఒక్క చుక్క ఉండదు. ఈ పూట మనం పోసిందే దానికి ఈ పూట కూడు.

ఇంత తేలికైన ఇంజను ఆలోచన కొత్తదేమీ కాదు. ఇంగ్లండులోని బాత్ పట్టణంలో జోసెఫ్ డే 1890ల మొదట్లోనే కింది గదిని వాడుకునే ఈ పద్ధతికి రూపమిచ్చాడు. దాన్ని సామాన్యుల బండిగా మార్చింది మాత్రం జర్మనీలో త్షోపౌ అనే చిన్న ఊరు. రాస్ముసెన్ అనే డెన్మార్కు దేశస్థుడు అక్కడ పెట్టిన డీకేడబ్ల్యూ కంపెనీ 1920ల చివరికి ప్రపంచంలోనే పెద్ద మోటారు సైకిళ్ల కంపెనీ అయింది. 1939లో వాళ్లు తెచ్చిన ఆర్‌టీ 125 అనే చిన్న బండిని, యుద్ధంలో జర్మనీ ఓడిన తర్వాత ఎన్నో దేశాలు చూసి చేసుకున్నాయి. ఇంగ్లండు బీఎస్ఏ బాంటమ్, అమెరికాలో హార్లీ వారి 125, రష్యా వారి మాస్క్వా, 1955లో యమహా కంపెనీ చేసిన మొట్టమొదటి బండి, అన్నీ ఆ ఒక్క తల్లి పిల్లలే.

నా యెజ్డీ వంశం వేరు. ప్రాగ్ నగరంలో యానెచెక్ అనే ఆయన 1929లో జర్మనీ వాండరర్ కంపెనీ మోటారు సైకిలు నమూనాను కొని, తన పేరులో రెండక్షరాలు, వాళ్ల పేరులో రెండక్షరాలు కలిపి ‘జావా’ అని పేరు పెట్టాడు. ఆ మొదటి బండి టూ స్ట్రోకు కాదు. 1930లలో ఆ కంపెనీ టూ స్ట్రోకు దారికి మళ్లి, యుద్ధకాలంలో జర్మను సైన్యం కళ్లుగప్పి రహస్యంగా తయారుచేసుకున్న 250 సీసీ బండిని 1946లో లోకానికి చూపింది. ఆ వంశమే 1961లో మైసూరు చేరింది. రుస్తుం ఇరానీ, ఫరూఖ్ ఇరానీ ఐడియల్ జావా కార్ఖానా పెట్టారు. జయచామరాజ ఒడెయరు దాన్ని ప్రారంభించారు. 1970లలో బండి పేరు యెజ్డీ అయింది. ఇరానులోని యజ్ద్ పట్టణం పేరు అది. చెకోస్లొవేకియా బండి, ఇరాను పేరు, కన్నడ దేశంలో పుట్టుక, తమిళనాటి రిజిస్ట్రేషను, నడిపేది తెలుగువాడు! మా హొసూరు వాళ్ల ఇళ్లు చూసిన వాళ్లకు ఇందులో వింత కనబడదు.

హొసూరు బండి కథలోనూ ఒక సరిహద్దు ఉంది. యుద్ధం తర్వాత త్షోపౌ తూర్పు జర్మనీలోకి పోయింది. అక్కడి కార్ఖానా ఎమ్‌జెడ్ అయింది. వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు అక్కడ కూర్చొని టూ స్ట్రోకు లోని పెద్ద లోపం మీద పనిచేశాడు. పొగ దారీ, మిశ్రమం దారీ ఒకే సమయంలో కొంతసేపు తెరిచి ఉంటాయి కదా, అప్పుడు మండని పెట్రోలు కొంత పొగతోబాటు బయటికి పోతుంది. సైలెన్సరు గొట్టాన్ని మధ్యలో లావుగా చేసి మళ్లీ సన్నగా చేస్తే, చప్పుడు తరంగం వెనక్కి తన్ని, తప్పించుకుపోయే మిశ్రమాన్ని మళ్లీ లోపలికి నెడుతుందని ఆయన పందెపు బండ్ల మీద నిరూపించాడు. 1961లో ఆయన 125 సీసీ ఇంజను 25 అశ్వశక్తి ఇచ్చింది. ఆ బండి నడిపే ఎర్న్‌స్ట్ డెగ్నర్ అదే ఏడు స్వీడన్ పోటీకి పోయి తిరిగి రాలేదు. బెర్లిను గోడ లేచి అప్పటికి నెల రోజులు. భార్యను, పిల్లలను కారు డిక్కీలో దాచి సరిహద్దు దాటించారు. తనకు తెలిసిన విద్యతో ఆయన జపాను పోయి సుజుకీలో చేరాడు. 1962లో సుజుకీ బండి మీద 50 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ సుజుకీయే ఇరవై రెండేళ్ల తర్వాత మా ఊరికి వచ్చింది. పందెపు బండి వేరు, పాలక్యాన్లు కట్టుకొనే బండి వేరు. అయినా ఒక ఊరి కార్ఖానాలో పుట్టిన విద్య ఎన్ని కంచెలు దాటి మన వాకిటికి వస్తుందో చూడండి.

మన దేశంలో ఈ బండికి అంత ఆదరణ ఎందుకు వచ్చిందంటే, కారణం తేలికే. భాగాలు తక్కువ, కాబట్టి ధర తక్కువ. వీధి చివర మెకానిక్కు నాలుగు స్పానర్లతో ఇంజను విప్పి బిగించగలడు. రాజ్‌దూత్, లాంబ్రెట్టా, బజాజ్ స్కూటరు, టీవీఎస్ 50, 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100, అన్నీ ఈ జాతివే. అదే 1985లో వచ్చిన హీరో హోండా నాలుగు స్ట్రోకుల బండి. పెట్రోలు కొద్దిగా తాగేది, నూనె కలిపే పని లేదు. దాన్ని నడిపే వాళ్లు మమ్మల్ని జాలిగా చూసేవాళ్లు. మేము వాళ్ల బండికి పికప్ లేదనేవాళ్లం.

నేర్చుకునే రోజుల్లో నేను పడని పాటు లేదు. యెజ్డీలో కిక్కరూ గేరూ ఒకే కడ్డీ. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కరు, కిందికి దించితే గేరు. సిగ్నలు దగ్గర ఇంజను ఆగితే వెనుక లారీవాడు హారను కొడుతుంటే కడ్డీ తిప్పడానికి చేతులు వణికేవి. రాత్రి పెట్రోలు కొళాయి కట్టడం మరిచితే తెల్లారేసరికి పెట్రోలు కిందికి దిగి, ఇరవై కిక్కులకు కూడా లేవదు. ప్లగ్గు విప్పి చూడడం నేర్చుకున్నాను. కొన కాఫీ పొడి రంగులో ఉంటే అంతా సరి. నల్లగా తడిగా ఉంటే నూనె ఎక్కువో మంట తక్కువో. తెల్లగా ఉంటే లోపల వేడి ఎక్కువైందని గుర్తు. ఉప్పు కాగితంతో రుద్ది మళ్లీ బిగించాలి. కొన్ని నెలలకోసారి సైలెన్సర్లు విప్పి లోపలి మసి కాల్చి గీకాలి, లేకుంటే బండి దగ్గు పట్టిన ముసలివాడిలా లాగుతుంది. ఒక ఏడాదిలో ఇవన్నీ చేతికి వచ్చాయి. చేతికి వచ్చాక తెలివి ఎక్కువైంది.

నెలకు ఎంత నూనె పోస్తున్నానో ఒక నోటు పుస్తకంలో రాసేవాణ్ణి. బండి బాగానే నడుస్తోంది కదా, నలభై మిల్లీ ఎందుకు, ఇరవై ఐదు చాలదా అనిపించింది. పొగ తగ్గింది, ప్లగ్గు నల్లబడడం లేదు. ‘ఆదా’ అని ఒక వరుస గీసి ఎనిమిది నెలలు రాసినాను. మొత్తం రెండు వందల రూపాయలు. 1993 వేసవిలో కృష్ణగిరిలో చుట్టాల పెండ్లికి నాయనను వెనుక కూర్చోబెట్టుకొని పోతున్నాను. శూలగిరి దాటినాక రోడ్డు కిందికి దిగుతుంది. దిగేటప్పుడు పెట్రోలు ఎందుకు తగలెయ్యాలని యాక్సిలరేటరు పూర్తిగా మూసి, గేరులోనే వదిలినాను.

నాకు అప్పుడు తెలియనిది ఇదీ. యాక్సిలరేటరు మూస్తే పెట్రోలు దాదాపుగా ఆగుతుంది. పెట్రోలు ఆగితే నూనె కూడా ఆగుతుంది. చక్రం మాత్రం ఇంజనును వేగంగా తిప్పుతూనే ఉంటుంది. తెలిసినవాళ్లు దిగుడులో మధ్యమధ్య యాక్సిలరేటరు కొంచెం తెరిచి నూనె అందిస్తారు, లేదా క్లచ్చు పట్టుకుంటారు. నేను ముందే సగం కడుపుకు పోసిన బండిని పూర్తిగా పస్తు పెట్టినాను. ఉన్నట్టుండి ఇంజను పట్టేసింది. వెనుక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్చు పట్టాలని తోచేలోపే ఇద్దరం రోడ్డు మీద ఉన్నాము.

నాకు మోకాళ్లు గీరుకున్నాయి, అంతే. నాయనకు కుడి మణికట్టు విరిగింది. మాది రెండెకరాల మల్బరీ తోట. ఆకు కోసేది, పురుగులకు వేసేది అమ్మా నాయనా ఇద్దరే. ఆ ఏడు రెండు పంటల పట్టుపురుగులు పెట్టలేదు. కట్టు విప్పినాక కూడా ఆ చెయ్యి పూర్తిగా తిరగలేదు. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. చాలా రోజుల తర్వాత నేనే ఉండబట్టలేక నూనె తగ్గించిన సంగతి చెప్పినాను. విని, "ఎద్దుకు మేత తగ్గించి, దున్నకం మిగిలిందని లెక్క రాసుకుంటే ఎట్లరా?" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. అందుకే అది ఇంతకాలం మిగిలింది.

మెకానిక్ అన్న సిలిండరు విప్పి చూపినాడు. పిస్టను మీద నిలువుగా గీతలు, కరిగిన అల్యూమినియం గోడకు అంటుకొని ఉంది. బోరు పెద్దది చేయించి కొత్త పిస్టను వేయించడానికి వెయ్యి రూపాయలు దాటింది. అది ‘ఆదా’ వరుస కిందనే రాసినాను. నాయన చెయ్యికి ఏ అంకె రాయాలో తెలియక ఆ గడి ఖాళీగా వదిలినాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. తర్వాత అప్పుల విభాగంలో పనిచేసిన రోజుల్లో, మరమ్మతు ఖర్చు చూపకుండా లాభం చూపిన లెక్కలు ఎన్నో నా బల్ల మీదికి వచ్చాయి. నాకు మొదట గుర్తొచ్చేది శూలగిరి దిగుడే.

ఇక్కడితో ముగిస్తే నీతికథ అవుతుంది. కానీ ఈ ఇంజనులో రెండో పద్దు ఒకటి ఉందని ముందే సూచించాను. నూనె నడిపేవాడి పద్దు, తప్పు చేస్తే వాడికే తగులుతుంది. పొగ ఎవరి పద్దు? మండని పెట్రోలూ, సగం మండిన నూనే రోడ్డు మీదికి వదిలి మేము ముందుకు పోయాము. దాన్ని ఏ పుస్తకంలోనూ ఎవరూ రాయలేదు. బండి చవక అని మేమన్నది ఆ పద్దును వదిలేసి చెప్పిన మాట.

ప్రభుత్వం ఆ పద్దు తెరిచింది 1991లో. మొదటిసారి పొగకు పరిమితులు పెట్టారు. 1996లో, 2000లో వాటిని బిగించారు. 1996లోనే ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగింది. ఇతర కష్టాలూ కలిసి మైసూరు కార్ఖానా మూతపడిందీ ఆ ఏడే. 2001లో సుజుకీ, టీవీఎస్ విడిపోయాయి. పల్లెల్లో మూటలు మోసే టీవీఎస్ మోపెడ్ మాత్రం టూ స్ట్రోకుగానే చాలాకాలం నిలిచింది; 2015లో దానికీ నాలుగు స్ట్రోకుల తమ్ముడు వచ్చాడు. జావా పేరు 2018లో, యెజ్డీ పేరు 2022లో తిరిగి బజారుకు వచ్చాయి. పేరు పాతది, ఇంజను మాత్రం నాలుగు స్ట్రోకులది. నూనె కలిపే పని ఇక ఎవరికీ లేదు.

మెకానిక్ అన్న షెడ్డు 2000 తర్వాత ఎక్కువ కాలం నడవలేదు. కొత్త బండ్లు కంపెనీ సర్వీసుకు పోయేవి. ఆయనకు బీడీ అలవాటు లేదు, చుట్ట అలవాటు లేదు. కానీ చివరి రోజుల్లో విడవని దగ్గు. ఇరవై ఏళ్లకు పైగా రేకుల షెడ్డులో ఇంజన్లు లేపి చెవి పెట్టి విన్న మనిషి. పొగ వల్లనే అని డాక్టరు చెప్పలేదు, నేనూ చెప్పలేను. చూడబోయినప్పుడు ఆయనే నవ్వుతూ, "మసి ఎక్కువైంది అప్పా, సైలెన్సరు విప్పి గీకే వాడు లేడు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నా బండి కూడా అక్కడ ఎన్నో గంటలు నిలబడి పొగ వదిలింది.

ఇప్పుడు మా జిల్లాలోనే విద్యుత్తు స్కూటర్ల కార్ఖానాలు వచ్చాయి. పొగ లేదు, నూనె లేదు, చప్పుడు లేదు. మంచిదే. మా అబ్బాయి ఒకటి కొంటానంటున్నాడు, ఖర్చు తగ్గుతుందని కాగితం మీద లెక్క వేసి చూపించాడు. లెక్క బాగానే ఉంది. బ్యాటరీ పాతబడితే ఏమి చేస్తారు, కరెంటు ఎక్కడ ఏమి కాల్చి తెస్తారు అని అడిగాను. "అది మన లెక్కలోకి రాదు నాయనా" అన్నాడు.

వద్దనలేదు నేను. పాత నోటు పుస్తకం తీసి, ఆ ఖాళీ గడి చూపించి, కొనుక్కోమన్నాను.